వీరపత్ని యను బిరుదము

సైనికునికి పిల్లనిచ్చిన పెండ్లిపందిరిలో, తలంబ్రాల సందడి తగ్గి, బంతులు లేచి, పెద్దలు తాంబూలములు నములుచు కుర్చీలు దగ్గరకు జరుపుకొనిన వేళ, ఎవరో యొకరు గొంతు సవరించుకొని నూతనవధువు నుద్దేశించి నాలుగు మాటలు చెప్పుట మనలో ఆచారముగా స్థిరపడినది. ఆ నాలుగింటిలో మూడు త్యాగమను మాటయే యైయుండును. భర్త దేశమునకై ప్రాణము నొడ్డినవాడనియు, అట్టి భర్తనే దేశమునకు ఒప్పగించిన భార్య అంతకంటె నొక మెట్టు పైనున్నదనియు, ఆమె కన్నీటిని రెప్పల మాటున దాచుకొని చిరునవ్వుతో సాగనంపవలెననియు, అట్లు సాగనంపిన స్త్రీనే లోకము వీరపత్ని యని కొనియాడుననియు వక్త సెలవిచ్చును. సభ చప్పట్లు చరచును. ఇరువదిరెండేండ్ల యా పిల్ల తల వంచుకొని వినును. ఆమె మనస్సులో అప్పుడు మెదలుచున్న ప్రశ్నలు వేరు: మిగిలిపోయిన డిగ్రీ పరీక్షలు ఎక్కడినుండి వ్రాయవలెను, భర్త వెంట పోవుట యెన్నటికి, పోయినచోట ఏ భాష మాటలాడుదురు, పోవనిచో అత్తవారింట తన చేతికి నెలకెంత వచ్చును. వీనిలో నొక్కదానికైనను ఆ యుపన్యాసములో సమాధానము దొరకదు.

ఈ స్తోత్రము చెప్పువారు దుర్జనులు కారు. వారిలో పలువురు సైనికుల తండ్రులు, మేనమామలు, తామే ఒకప్పుడు యూనిఫారము తొడిగినవారు; వారి కంఠములో వణకు నిజమైనదే. కావుననే వారి సిద్ధాంతమును పరిహాసముతో త్రోసివేయక, దానిని దాని బలముతోనే విప్పి చూపవలసియున్నది. సైనికుని భార్య జీవితమున ప్రధానవిషయము వియోగమనియు, ఆ వియోగమును సహించుటయే ఆమె ధర్మమనియు, ఆ సహనమునకు లోకము గౌరవము చెల్లించినచో ఋణము తీరిపోవుననియు వారి తాత్పర్యము. నా వాదము దీనికి నేరుగా ఎదురు. ఆమె జీవితమున వియోగము ఒక భాగమే గాని, ప్రధానభాగము కాదు. ఆమె చేయుచున్నది సహించుట కాదు, నిర్వహించుట. నిర్వహణము ఒక విద్య. విద్య చూపిన వారికి చెల్లింపవలసినది చప్పట్లు కావు.

ఈ స్తోత్రమునకు మన సాహిత్యములో గొప్ప వంశవృక్షమే కలదు. పల్నాటి వీరుల కథను శ్రీనాథుని పేర వాడుకలోనున్న ద్విపదలో చదివినవారును, కారెంపూడిలో వీరుల యుత్సవమున పాడగా విన్నవారును మాంచాలను ఎరుగుదురు. బాలచంద్రుని చేపట్టిన యా కన్య, కాపురమన నేమో యెరుగకమునుపే వేశ్యాలోలుడై తనను మరచిన భర్త, యుద్ధమునకు పోవుచు సెలవు గైకొనుటకు తన వాకిటికి రాగా, కత్తి యందిచ్చి పంపినది. మన ఉపన్యాసకులు ఈ ఖడ్గదానమును మాత్రము ఎత్తి చూపుదురు. అంతకుముందు ఆమె యొంటరిగా గడపిన దినములెట్లు గడచినవి, పుట్టింటివారు ఏమనిరి, అత్తయైన ఐతాంబకును ఆమెకును నడుమ రాకపోకలెట్టివి యన్నది ఉపన్యాసమునకు అక్కరలేదు. ఒక స్త్రీ జీవితము మొత్తమునుండి ఒక్క ఘడియను కోసి తీసి దానికి పటము కట్టినాము. ఆ ఘడియ యుద్ధమునకు పనికివచ్చిన ఘడియ కనుకనే కట్టినామని ఒప్పుకొనుటకు మాత్రము మొగమాటపడుచున్నాము.

మాంచాల కత్తి నందించెను. నేటి జవాను భార్య అందించునవి జిరాక్సు కాగితములు. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు. వివాహమైన సైనికుడు వివాహధ్రువపత్రమును, భార్యతో కలిసి తీయించుకొనిన ఛాయాచిత్రమును తన యూనిట్‌లో సమర్పింపగా, అక్కడ సైనికుని స్వవిషయములలో మార్పును ప్రకటించు పార్ట్ టూ ఆర్డరు వెలువడి, రికార్డుల కార్యాలయమున ఆమె పేరు నమోదగువరకు, సైన్యము దృష్టిలో ఆమె పుట్టలేదు. మిలిటరీ ఆసుపత్రిలో చికిత్సకు, ఆశ్రితుల కార్డుకు, క్వార్టర్సుకు, ఒకనాడు రాకూడని వార్త వచ్చినచో కుటుంబ పింఛనుకు, అన్నిటికిని ఆ యొక్క నమోదే మూలము. మన తెలుగుపేర్లతో ఇచ్చట వచ్చు చిక్కు ఉత్తరదేశపు గుమాస్తాలకు సులభముగా బోధపడదు: పదవతరగతి పత్రములో పుట్టినింటి ఇంటిపేరు ముందుండును, ఆధారు కార్డులో మెట్టినింటిది వెనుక చేరును, యూనిట్ క్లర్కు వ్రాసినదానిలో ఇంటిపేరు ఒంటియక్షరమై కుంచించుకొనిపోవును, శుభలేఖలో అచ్చైన ముద్దుపేరు మరియొక చోట ప్రవేశించును, ఈ నలుగురును ఒక్క మనిషియేనని ప్రమాణపత్రముల మీద నోటరీల ఎదుట నిరూపించుకొనుట యా పిల్ల కాపురపు తొలిపాఠము. ఒక్క యక్షరము తేడాకు పింఛను కాగితములు సంవత్సరములకొలది తిరుగుట సైనికకుటుంబములలో వినని యిల్లు లేదు. ఉపన్యాసకుడు ఆమెకు కన్నీరు దాచుకొనుమని చెప్పెను. కాగితములు దాచుకొనుమని చెప్పినవారు లేరు.

ఇక వివాహమునకు దొరకు కాలమును చూడుడు. జవానునకు ఏడాదికి 60 దినముల వార్షికసెలవు, 30 దినముల ఆకస్మికసెలవు నియమములలో ఉన్నవి. అది యెప్పుడు దొరకునో, దొరికినది ఎప్పుడు రద్దగునో చెప్పుట అతని చేతిలో లేదు. ఒక సెలవులో పెండ్లిచూపులు, మరియొక సెలవులో పెండ్లి, తరువాతి సెలవునకు కడుపుతో నున్న భార్య, ఆపై సెలవునకు తండ్రిని చూచి యేడ్చు బిడ్డ: ఇది పల్లెటూళ్లలో నిత్యము కనబడు క్రమము. తొలి యేడాది నిండ మన పండుగలు నూతన దంపతుల చుట్టునే తిరుగును. ఆ పండుగలకు సైన్యపు సెలవు పట్టిక తెలియదు. ఎట్టకేలకు ఆషాఢమున సెలవు దొరికి అబ్బాయి వచ్చెననుకొనుడు. కొత్త కోడలు అత్తగడప త్రొక్కరాదని పెద్దలు ఆమెను పుట్టింట కూర్చుండబెట్టుదురు. శ్రావణమాసపు తొలి నోములకు అతడు లేడు. అట్లతద్దికి లేడు. సంక్రాంతికి కొత్త అల్లుడు లేని అరుగు మీద మామగారొక్కరే కూర్చుండి వచ్చినవారికెల్ల ఒకే సమాధానము చెప్పుచుండును. సంప్రదాయమును నేను తక్కువ చేయుటలేదు. ఏడాదిలో పట్టుమని రెండు మాసములు కలిసియుండలేని దంపతులను ఆషాఢము పేర విడదీయుటకు సిద్ధపడిన పెద్దలే, మరునాడు వేదిక యెక్కి వియోగమును గూర్చి గద్గదకంఠముతో మాటలాడుట చూచినప్పుడు, ఆ వియోగములో కొంత పాలు సరిహద్దుది కాదనియు, మన వాకిటిదేననియు గుర్తుచేయకతప్పదు. శ్రీకాకుళపు ఉద్దానములోను, మొదటి ప్రపంచయుద్ధకాలమునుండి తరతరముగా సిపాయిలను పంపి మిలిటరీ మాధవరమను పేరు తెచ్చుకొనిన పశ్చిమగోదావరి గ్రామములోను అత్తలే ఒకప్పుడు జవాను భార్యలు. అట్టి యింట కోడలికి సగము చిక్కు తగ్గును. పిల్లనిచ్చుట అదే మొదలైన కుటుంబములలోనే కష్టమంతయు.

పిమ్మట ప్రయాణము. భర్తకు కుటుంబమును వెంట నుంచుకొనదగిన పీస్ స్టేషను దొరకి, వరుసలో వేచిన మీదట ఫ్యామిలీ క్వార్టర్సు మంజూరైనచో, తన జిల్లా దాటి యెరుగని యా పిల్ల రెండు రాత్రులు రైలులో కూర్చుండి పఠాన్‌కోటలోనో, జోధ్‌పూరులోనో, ఉత్తరబెంగాలులోని బిన్నాగురిలోనో దిగును. అందరికి ఇండ్లు చాలవు. వివాహితులైన సైనికులకు ఇండ్లు కట్టుటకై పెద్ద పథకమొకటి 2002లో మొదలై దశలవారీగా సాగినను, నేటికిని వరుస వరుసగానే యున్నది. దిగినది మొదలు ఆమె నేర్చుకొనవలసిన విషయములను ఎవరైన పుస్తకముగా వ్రాసినచో అది చిన్న పుస్తకము కాజాలదు. ఇల్లు స్వాధీనము చేసికొనునాడు సైన్యపు కట్టడములను చూచు ఎం.ఇ.ఎస్. వారి జాబితా ప్రకారము పంకాలు, కుళాయిలు, అద్దములు లెక్కపెట్టి, పగిలినది పగిలినట్లు వ్రాయించుకొనకపోయినచో, విడిచిపోవునాడు ఆ నష్టము భర్త జీతమునుండి విరుగును. జ్వరము వచ్చినచో మొదట పోవలసినది యూనిట్ వైద్యుడు రోగులను చూచు ఎం.ఐ. రూముకు, అక్కడినుండి చీటీ మీద మిలిటరీ ఆసుపత్రికి. క్యాంటీనులో ఏది యే నెల వచ్చును, ఏది రాగానే అయిపోవును, ఇది నోట నోట తెలియవలసినదే. ఇరుగున హర్యానా జాటుల పడుచు, పొరుగున నాగాలాండు తల్లి, ఎదుట మలయాళ దంపతులు; నలుగురికి ఉమ్మడియైన భాష హిందీ; ఆమెకు వచ్చిన హిందీ పదవతరగతి పరీక్షలో ఉత్తీర్ణతకు చాలినంత. ఆరు మాసములలో ఆమె ఆ హిందీని తెలుగు కాకువుతోనే ధారాళముగా మాటలాడును, చింతపండు దొరకనిచోట ఎండు మామిడి పొడితో చారు కాచును, గోంగూర విత్తులు తెప్పించి క్వార్టరు వెనుక మడికట్టును. దీనిని ఏ విశ్వవిద్యాలయమైనను విదేశములో విద్యార్థికి నేర్పినచో దానికి పట్టమిచ్చియుండును. ఇక్కడ దానిని సర్దుకొనుట యందురు.

అక్కడి సంఘజీవనమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది, అది పొగడ్తలలో రాదు గనుక. సైన్యమున హోదా భర్తలకు మాత్రమే శాసనబద్ధము; భార్యలకు అది ఆచారబద్ధము. లేడీస్ మీట్‌లో ఎవరు ముందు కూర్చుందురు, ఎవరు తేనీరు అందింతురు, ఎవరిని మేడమ్ అనవలెను అన్నది వ్రాయబడనిదైనను తప్పరానిది. సైనికుల భార్యల సంక్షేమసంఘము 1966లో ఏర్పడినది. కుట్టుపనులు, శిక్షణలు, వితంతువులకు అండ మొదలగు మంచిపనులు దాని పేర జరుగుచున్నవి, వానిని కాదనను. కాని సిపాయి భార్యకు నాయకత్వము నేర్పు పాఠశాల అది కావలసియుండగా, పెక్కుచోట్ల అధికారి భార్య మెప్పు సంపాదించు రంగస్థలముగా మారుట చూచినవారు బయటకు చెప్పరు; భర్త రహస్యనివేదికకు భయపడి చెప్పరు. త్యాగమూర్తుల మధ్య గూడ మొదటి వరుస, చివరి వరుస ఉండుట వింత కాదా?

రెండు మూడేండ్లు గడచి, కుళాయి యేవేళ వచ్చునో తెలిసి, పాలవాడు అప్పిచ్చునంత పరిచయమైన పిదప, యూనిట్‌కు ఫీల్డు వచ్చును. అనగా, కుటుంబములు వెంటరాని చోటికి పోవలెను. అప్పుడు ఇంటిసామాను నల్లరంగు పెట్టెలలోనికి తిరిగి చేరును. ఆమె అత్తవారింటికో, పుట్టింటికో, లేదా ఫీల్డుకు పోయినవారి కుటుంబములకు ప్రత్యేకించిన క్వార్టర్సుకో పోవలెను. ఇక్కడినుండియే ఉపన్యాసకుని దృష్టిలో అసలు కథ మొదలగును, నిరీక్షణ యనుపేర. నిరీక్షించుటకు ఆమెకు తీరిక యెక్కడిది? బిడ్డకు టీకాలు, బడిలో చేర్చుట, గ్యాసు, కరెంటు బిల్లు, మామగారి కంటిశస్త్రచికిత్స, ఆడుబిడ్డ పెండ్లికై భర్త తీసికొనిన అప్పు వాయిదా, భర్త పేరనున్న అరయెకరమునకు పట్టాదారు పుస్తకములో సవరణ, ఆ సవరణకై తహసీలుదారు కార్యాలయపు మెట్లు. ఇవి చేయునది ఆమె. సంతకము మాత్రము ఆయనది, ఆయన పదునాలుగువేల యడుగుల యెత్తున ఉన్నాడు. ఫోను దొరకిన ఐదు నిమిషములలో ఆమె ఆయనతో ఏమి చెప్పవలెను, ఏమి చెప్పకూడదు అన్నది నిర్ణయించుట సామాన్యమైన బుద్ధికి సాధ్యము కాదు. బిడ్డకు జ్వరమని చెప్పినచో అక్కడ కాపలా మీద నున్నవాని మనస్సు చెదరును, చెప్పకపోయినచో రేపు తానొక్కతెయే దోషమునకు గురియగును. ప్రతి పిలుపుకు ముందు ఆమె ఒక కార్యదర్శివలె విషయసూచిక సిద్ధము చేసికొనును. ఈ పరిపాలనను నిరీక్షణ యని పిలుచుటకంటె సత్యమునకు చేయదగిన అపచారము వేరొకటి లేదు.

ఈ పనికి జీతము మాట యటుంచి, అధికారమైన ఇచ్చినామా? జవాను జీతము నేడు బ్యాంకులో పడును. ఆ కార్డు ఎవరి చేత నున్నది అన్నదే కొత్త కాపురమున మొదటి పోరు. పెండ్లికి ముందు తండ్రి చేత నుండెను; తండ్రి దానితోనే ఇల్లు లేపెను, చెల్లెళ్లను గడప దాటించెను; ఆయన కోపమునకు కారణము లేకపోలేదు. కోడలు అడిగినచో వేరు కాపురము పెట్టించుచున్నదన్న నింద. అడుగకపోయినచో బిడ్డ పాలకు మామగారి ఎదుట చేయి చాచుట. ఆమెను వేదిక మీద దేవతగా నిలిపిన బంధువులలో ఒక్కరైనను, అబ్బాయీ, నీవు పోవుటకు ముందు నెలకింత ఆమె ఖాతాకు బదిలీ యగునట్లు వ్రాసియిమ్ము అని చెప్పిన సందర్భము నేను వినలేదు. దేవతలకు ఖర్చులుండవు కాబోలు.

కొందరు నన్నెదిరించి ఇట్లందురు: ఈ కష్టము సైనికుల భార్యలకే ప్రత్యేకమా? జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారి భార్యలు, పాలమూరునుండి ముంబయికి వలసపోయిన కూలీల యిల్లాండ్రు ఇంతకంటె ఎక్కువ కాలము ఒంటరిగా సంసారము నడపుటలేదా, వారికి క్యాంటీను లేదు, ఆసుపత్రి లేదు, పింఛను లేదు, మరి వారిని గూర్చి వ్రాయవేమి? ఈ యాక్షేపణ నాకు ప్రతికూలమని వారనుకొందురు; నా వాదమునకు దీనికంటె మంచి సాక్ష్యము నేను తేలేను. గల్ఫు భార్య చేయుచున్న పనియు, జవాను భార్య చేయుచున్న పనియు ఒక్కటే. సంతకములేని అధికారముతో సంసారరథమును లాగుట. ఒకరిని వీరపత్ని యని పూజించి, రెండవవారిని గూర్చి గుసగుసలాడుదుము. అనగా, మన పూజ ఆమె చేసిన పనికి కాదు, ఆమె భర్త తొడిగిన దుస్తులకు. దుస్తులకు చేసిన పూజ దుస్తులతోనే పోవును.

అది యెట్లు పోవునో చూచుటకు దూరము పోనక్కరలేదు. 2023 జూలైలో సియాచిన్‌లో మంటలు చెలరేగగా సహచరులను కాపాడుచు ఒక యువ సైనికవైద్యుడు ప్రాణము విడిచెను. పెండ్లియై ఐదు మాసములు. మరుసటి యేడు రాష్ట్రపతి భవనమున ఆయన కీర్తిచక్రమును తల్లియు, భార్యయు అందుకొనిరి. తెల్లచీర గట్టిన యా యువతిని చూచి దేశమంతయు కంటతడి పెట్టినది. దినములు గడువకమునుపే ఆ పతకము ఎవరి వద్ద నున్నది, ధనము ఎవరికెంత చేరినది, ఆమె అత్తవారింట ఎందుకుండలేదు అని అదే దేశము విచారణ మొదలిడినది. ఆమె చిత్రము క్రింద వ్రాయరాని వ్రాతలు వ్రాసినవారు కూడ కలరు. పుత్రశోకములోనున్న తల్లిదండ్రులను నేనొక్క మాట అనను. వృద్ధులైన తల్లిదండ్రులకు నియమములలో మరింత రక్షణ కావలెనన్న కోరిక న్యాయమైనదే, చర్చింపదగినదే. నేననునది చూపరుల మాట. త్యాగమూర్తిని చేసినది వారే, బోనెక్కించినది వారే. విగ్రహము కదలరాదన్నది వారి షరతు. ఈ షరతు జనుల మనస్సులలోనే కాదు, ప్రభుత్వపు కాగితములలోను ఉండెను: శౌర్యపతకము పొంది మరణించిన సైనికుని భార్య పునర్వివాహము చేసికొనినచో, ఆ పతకముతో వచ్చు భృతి నిలిచిపోవును, చనిపోయిన భర్త సోదరునే పెండ్లాడినచో మాత్రము కొనసాగును. ఈ షరతు తొలగినది 2017 నవంబరులో. పందొమ్మిదవ శతాబ్దమున వీరేశలింగముగారు వితంతూద్వాహములు జరిపించిన దేశమున, ఇరువదియొకటవ శతాబ్దము పదునేడేండ్లు గడచువరకు వీరపత్ని వివాహము మరదికే పరిమితమై యుండినది.

2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు మరణింపగా, తెలంగాణ ప్రభుత్వము ఆయన భార్యను డిప్యూటీ కలెక్టరుగా నియమించినది. తగిన పనియే, ఆ ప్రభుత్వమును మెచ్చుకొందును. కాని ఈ మెప్పులోనుండియే ఒక ప్రశ్న పుట్టుచున్నది. సైనికుని భార్యకు ఒక మండలమును, ఒక డివిజనును నడుపగల శక్తి యున్నదని రాజ్యము గుర్తించుటకు భర్త మరణమే కావలసివచ్చెనా? భర్త జీవించియున్నంతకాలము ఆమె శక్తి యెక్కడనున్నది? సైనికకుటుంబముల అవసరములను రాజ్యము ఒక్కొక్కటిగా గుర్తించుచు వచ్చిన క్రమము చూడుడు. ఇంటి సరకులకై క్యాంటీనుల శాఖ 1948లో ఏర్పడినది. బదిలీలవలన చెడిపోవు బిడ్డల చదువులకై, రెజిమెంటు పాఠశాలలు ఇరువదింటిని చేర్చుకొని 1963లో కేంద్రీయ విద్యాలయముల వ్యవస్థ మొదలైనది. 1983లో సైనికవిద్యాసంఘము ఏర్పడి ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు విస్తరించినవి. విశ్రాంతి పొందినవారి వైద్యమునకై 2003లో వేరొక పథకము. కడుపు, చదువు, రోగము, అన్నియు లెక్కలోనికి వచ్చినవి. భార్య వృత్తి మాత్రము రాలేదు. బి.ఎడ్. చదివిన పిల్ల ఈ యేడు ఒక ఆర్మీ పాఠశాలలో తాత్కాలికముగా పాఠము చెప్పును, వచ్చు బదిలీతో అది పోవును, కొత్తచోట ఖాళీ యున్నచో తిరిగి మొదటి మెట్టు. పదేండ్ల బోధన తరువాత ఆమెకు అనుభవధ్రువపత్రములుండును గాని ఉద్యోగము లేదు. స్వరాష్ట్రమున ఉపాధ్యాయ నియామకమునకు ప్రయత్నింపవలెనన్నచో వరుసగా పరీక్షలకు కూర్చుండి, ఇక్కడనే నిలిచి, భర్తను విడిచియుండవలెను. ఆమె బిడ్డలకును అదే శాపము: నాలుగు రాష్ట్రములలో చదివిన బిడ్డకు, చదివిన యేండ్లనుబట్టి స్థానికతను లెక్కించు మన పద్ధతిలో, సొంత జిల్లాయే పరాయిది కావచ్చును. దేశమంతయు తనదని కాపలా కాచినవాని బిడ్డకు ఏ ఊరును తనది కాకపోవుటను గూర్చి మన కవులెవ్వరును పద్యము చెప్పలేదు.

ప్రతిపక్షులలో వివేకవంతులు మరియొక మాట అందురు, అది వినదగినది. త్యాగమను మాటయే లేనిచో ఆ స్త్రీకి ఊరట యేది, అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడు గుండె నిలుపుకొనుటకు ఆమెకొక ఆదర్శము కావలదా అని. కావలెను. మరణభయము సత్యము, దానిని లెక్కాచారముతో ఎవ్వరును తీర్పలేరు, దాని ఎదుట నేను నోరు మెదపను. కాని జవాను భార్య జీవితములో ఆ భయము వచ్చిపోవు రాత్రులు కొన్ని. పనిచేయవలసిన పగళ్లు వేలు. రాత్రులకు చెప్పిన మాటతో పగళ్లను కూడ సరిపుచ్చుట మన సోమరితనము. అదిగాక, సైనికునికే మనము ఆదర్శముతో సరిపెట్టితిమా? అతనికి తుపాకి చేతికిచ్చుటకు ముందు నెలల తరబడి శిక్షణ. పక్క యెట్లు మడువవలెనో, బూటు యెట్లు మెరపించవలెనో గూడ నేర్పుదురు. వెల్లింగ్టనులో మద్రాసు రెజిమెంటు కేంద్రమున చేరినవాని కైనను, సికిందరాబాదు కేంద్రములలో చేరినవాని కైనను దేశభక్తి యుండిన చాలునని ఎవరును విడిచిపెట్టరు. అతని భార్యకు మాత్రము భక్తి యొక్కటే చాలునట. ఆమెకు దక్కిన శిక్షణ, క్వార్టర్సు వసారాలో సాయంకాలము ముందరి యింటి హవల్దారు భార్య చెప్పినదే: ఈ కాగితము ఇక్కడ పెట్టుము బిడ్డా, ఆ చీటీ మీద ముద్ర వేయించుకొనకుండ కదలకుము, క్లర్కు రేపు రమ్మన్నచో పేరు వ్రాసికొని రమ్ము. ఆ వసారా పాఠశాలయే ఈ దేశపు సైనికకుటుంబములను నిలిపినది, ఉపన్యాసములు కావు. వివాహము నమోదైన మాసముననే, వధువు మాతృభాషలో, ఆమెకు రావలసినవి, ఆమె చేయవలసినవి చెప్పు వారము దినముల తరగతి జిల్లా కేంద్రములలోనే పెట్టుట ఏ ప్రభుత్వమునకైనను అసాధ్యమైన వ్యయమా?

మన స్త్రీలు వేదికలెక్కి మాటలాడని కాలముననే ఈ విషయమును పురుషులకంటె బాగుగ ఎరిగియుండిరి. ఊర్మిళాదేవి నిద్ర యను స్త్రీల పాటను తలచుకొనుడు. పదునాలుగేండ్లు నిద్రించిన యా చిన్నది సహనమునకు గుర్తని ఉపన్యాసకులు వాడుకొందురు. పాట చివరివరకు వినినవారు అట్లనరు. లక్ష్మణుడు తిరిగివచ్చి చెంత కూర్చుండగా ఊర్మిళ ఆయనను గుర్తుపట్టదు. పరపురుషుడెవడో తన గదిలోనికి వచ్చెనని భయపడి, నిందించి, తన వంశమునకు కళంకము తెచ్చితివని కన్నీరు మున్నీరగును. ఇంటికి వచ్చిన భర్త అపరిచితుడగుట: ఇది వాల్మీకికి తోచలేదు, పాట కట్టిన యిల్లాండ్రకు తోచినది. సెలవు మీద వచ్చిన జవానుకు మొదటి వారమంతయు ఇంటిలో తన చోటు కనబడదు. ఆయన లేనినాడు కుదిరిన పద్ధతులలో చేయిపెట్టి ఒక్కొక్కటి చెడగొట్టును. ఆమె ఊరుకొనును, ఏలయనగా ముప్పది దినములే. ఆయన పోయిన మరునాడు అన్నియు సర్దుకొనును.

ఆయన ఒకనాడు తిరిగిపోకుండ వచ్చును. 2022కు ముందు సిపాయిగా చేరినవాడు పింఛనుకు వలసిన పదునైదేండ్లు దాటి, రెండు మూడేండ్లు అటునిటుగా, నలువదికి లోపుననే నల్లపెట్టెలతో ఇల్లు చేరును. ఇక నీ కష్టములు గట్టెక్కినవని ఊరు ఊరంతయు ఆమెను అభినందించును. ఆమె చేతనున్న బ్యాంకు పుస్తకము, బడి రశీదులు, అప్పుల లెక్క, తహసీలుదారు కార్యాలయపు పరిచయములు, అన్నియు ఒక నెలలో ఆయన చేతికి పోవును. ఎవరును అడుగలేదు, ఎవరును ఇయ్యలేదు, పోయినవి. ఆయనకు పునరావాసమునకై జిల్లా సైనికసంక్షేమ కార్యాలయములో పేరు నమోదగును, మాజీసైనికులకు ప్రత్యేకించిన ఉద్యోగములలో వంతు ఉండును, బ్యాంకు వాకిట కాపలా యైనను దొరకును; పదునైదేండ్ల సేవకు గుర్తుగ చేతిలో డిశ్చార్జి పుస్తకముండును. ఆమె పదునైదేండ్లు ఐదు ఊళ్లలో మూడు భాషలలో ఒక సంసారమును నడపిన సంగతి నమోదు చేయుటకు ఆ కార్యాలయములో పుస్తకము లేదు. నేను కోరుచున్నది బిరుదము కాదు, మొదట ఆ పుస్తకము తెరువుడనియు, అందులో ఆమె చేసిన పనులను పనులుగానే వ్రాయుడనియు, వ్రాసినదానిని చూపి ఆమె అడిగిన ఉద్యోగమునకు దానిని అనుభవముగ పరిగణించుడనియు.